మొరం గ్రౌండుకు మెత్తటి లేటెక్స్ గ్లవ్స్: పట్టు బాగుంది, బతుకు తక్కువ

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల స్పోర్ట్స్ దుకాణాల్లో గోల్‌కీపర్ గ్లవ్స్ అడిగితే ఎక్కువగా చూపించేది ఒకే తరహా జత. అరచేతి వైపు లేటెక్స్ అనే 4 మి.మీ. మెత్తటి రబ్బరు పొర, వెనక పలచటి నురుగు మీద అచ్చువేసిన రబ్బరు గీతలు, వేళ్ల వెనక ప్లాస్టిక్ పుల్లలు, మణికట్టుకు ఎలాస్టిక్, దాని మీద వెల్క్రో పట్టీ. ధర వెయ్యికీ రెండు వేలకూ మధ్యన. ఈ రివ్యూ ఆ తరహా జత గురించే తప్ప ఏదో ఒక కంపెనీ గురించి కాదు. ఈ ధరలో పేర్లు మారుతాయి గానీ లోపలి సరుకు, కుట్టు, పాడయ్యే తీరు దాదాపు ఒకటే.

తీర్పు ముందే చెప్తాం. పట్టుకు అయిదుకు నాలుగు. కుట్టుకు మూడున్నర. మన్నికకు రెండే, అదీ జాగ్రత్తగా వాడితే. కాజీపేట రైల్వే గ్రౌండులో గానీ, జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) పక్క ప్రాక్టీసు జాగలో గానీ, గోదావరిఖని సింగరేణి మైదానాల్లో గానీ గోల్ ముందర గడ్డి నిలవదు. కీపర్ అటూ ఇటూ తిరిగే నాలుగైదు గజాలు ముందుగా బోడి అవుతుంది. కింద మొరం, పైన దుబ్బ. ఇలాంటి నేల మీద గ్లవ్స్ ఎన్నాళ్లు వస్తాయన్నది రేటు కన్నా కీపర్ ఆడే పద్ధతి మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే గ్లవ్స్ రివ్యూలోకి వందేళ్ల కిందటి ఒక ఇంగ్లిష్ కీపర్‌ను తీసుకొస్తున్నాం. ఆయన పేరు సామ్ హార్డీ.

హార్డీది డెర్బీషైర్‌లోని చెస్టర్‌ఫీల్డ్ పక్కన న్యూబోల్డ్. 1903లో చెస్టర్‌ఫీల్డ్ క్లబ్బులో మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ లీగులో రెండో మెట్టు అయిన రెండో డివిజన్‌లో లివర్‌పూల్ ఆ జట్టును 6-1తో చిత్తు చేసిన మ్యాచ్‌లో గోల్‌లో ఉన్నది ఇతనే. ఆరు గోల్స్ తిన్న కీపర్‌నే లివర్‌పూల్ 1905లో డబ్బిచ్చి కొనుక్కుంది. ఆరు లోపలికి పోయినా, ఇంకెన్ని పోకుండా ఆపాడో వాళ్లు గమనించారు. అప్పటికి లివర్‌పూల్ గోల్‌లో నలభైకి దగ్గరపడ్డ నెడ్ డోయిగ్ ఉన్నాడు. హార్డీ వచ్చిన సీజన్‌లోనే, అంటే 1905-06లో, లివర్‌పూల్ మొదటి డివిజన్ గెలిచింది. అంతకు ముందటేడు వాళ్లు రెండో డివిజన్‌లో ఉన్నారు. ఆ ఏడు 38 లీగ్ మ్యాచ్‌ల్లో 30 హార్డీ ఆడాడు. 1907లో ఐర్లండ్ మీద ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్. 1920 నాటికి 21 మ్యాచ్‌లు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం తినేసిన ఏళ్లు లేకుంటే ఆ లెక్క ఇంకా పెద్దగా ఉండేది.

అతనితో ఆడినవాళ్లు చెప్పుకున్న మాట ఒకటుంది: హార్డీ కళ్లు చెదిరేలా గాల్లోకి దూకి ఆపినట్టు తమకు గుర్తే లేదని. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. చూసేవాళ్లకు మాత్రం బంతే వెతుక్కుంటూ అతని చేతుల్లోకి వచ్చినట్టు ఉండేది. మొరం నేల మీద మెత్తటి లేటెక్స్ వాడే కీపర్‌కు ఇంతకన్నా పనికొచ్చే పాఠం లేదు. ఒక్కసారి పక్కకు దూకి నేలను రాసుకుంటే అరచేతి అడుగు భాగంలో లేటెక్స్ పొర లేచిపోతుంది. ఒక అడుగు పక్కకు వేసి, నిలబడే పట్టుకుంటే ఏమీ కాదు.

ఇక సరుకు విషయం.

లేటెక్స్ అంటే రబ్బరు పాలను నురుగు చేసి గట్టిపరిచిన పొర. దాని మీద కంటికి ఆనని రంధ్రాలు ఉంటాయి. పొర మెత్తగా, కాస్త తడిగా ఉన్నప్పుడు బంతి మీద పరుచుకుని అంటుకుంటుంది. ఎండిపోతే బిరుసెక్కుతుంది, దుబ్బ నిండితే రంధ్రాలు మూసుకుపోతాయి. కొత్త గ్లవ్స్ జారుతున్నాయని చాలామంది మొదటి రోజే దుకాణానికి తిరిగి పట్టుకెళ్తారు. అది సరుకు తప్పు కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అరచేతి మీద ఒక పలచటి రక్షణ పూత ఉంటుంది. అది పోవాలంటే మొదటిసారి వాడకముందే గోరువెచ్చని నీళ్లలో, అంటే 30 డిగ్రీలకు మించకుండా, అయిదు పది నిమిషాలు నానబెట్టాలి. బొటనవేలితో అరచేతి మీద నెమ్మదిగా రుద్దాలి. మొదట నురగ వస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పిండకుండా నొక్కి నీళ్లు తీసేయాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి. ఆ నీళ్లు ఈ పనికి పనికిరావు. పొద్దుగాల పట్టిపెట్టిన బొక్కెన నీళ్లు చాలు.

పట్టు ఎలా ఉంది? తడిపి వాడితే ఈ ధరకు చాలా మంచిదే. 5వ సైజు బంతిని ఇరవై గజాల నుంచి గట్టిగా కొట్టినా, రెండు బొటనవేళ్లూ రెండు చూపుడువేళ్లూ డబ్ల్యూ అక్షరం ఆకారంలో పెట్టి అందుకుంటే బంతి ఎగిరిపడదు. ఎండినప్పుడు సగం పట్టే ఉంటుంది. మ్యాచ్ మధ్యలో గోల్‌పోస్టు పక్కన నీళ్ల సీసా ఉండాల్సింది తాగడానికి మాత్రమే కాదు. పదిహేను నిమిషాలకోసారి రెండు అరచేతుల మీద కొంచెం చల్లుకుని, ఒకదానికొకటి రుద్ది, దుబ్బను కిందికి దులిపేయాలి. ఉమ్మితే కూడా తడి అవుతుంది గానీ, దుబ్బతో కలిసి బంక అవుతుంది, నీళ్లే మేలు.

బంతి విషయంలో ఒక మాట. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెం.మీ., బరువు 410 నుంచి 450 గ్రాములు, లోపలి గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మన గ్రౌండ్లలో సైకిల్ పంపుతో రాయిలా అయ్యేదాకా కొట్టేస్తారు. పైగా మొరం మీద అరిగి గరుకెక్కిన రబ్బరు బంతి. దాని దెబ్బకు లేటెక్స్ త్వరగా చిట్లుతుంది. ప్రాక్టీసుకు 9 లేదా 10 పీఎస్ఐ సరిపోతుంది. గేజ్ ఉన్న పంపు కొంటే గ్లవ్స్ ఖర్చు తగ్గుతుంది.

హార్డీ కాలంలో ఈ బాధే లేదు, ఎందుకంటే లేటెక్సే లేదు. నురుగు లేటెక్స్ గ్లవ్స్ వాడుకలోకి వచ్చింది 1970ల్లో. అప్పటి కీపర్లు వట్టి చేతులతో ఆడేవాళ్లు, వాన పడితే ఉన్ని గ్లవ్స్ వేసుకునేవాళ్లు. ఉన్ని తడి తోలును కాస్త పట్టుకుంటుంది, అంతే. బంతి తోలు ముక్కలతో కుట్టినది, లోపల రబ్బరు బ్లాడర్, పైన తోలు తాడుతో బిగించిన నోరు. వానలో నీళ్లు తాగి బరువెక్కేది. దాన్ని వేళ్లతో ఆపాలంటే వేళ్లు విరగాల్సిందే. ఛాతీ వెనక ఉండాలి, రెండు చేతులూ బంతి వెనక ఉండాలి. అందుకే నిలబడే చోటు సరిగ్గా ఉండటం హార్డీకి అందం కోసం కాదు, అవసరం. ఇంకొకటి, ఆ రోజుల్లో బంతి పట్టిన కీపర్‌ను భుజంతో ఢీకొట్టడానికి ఎదుటి ఫార్వర్డ్‌కు అనుమతి ఉండేది. పట్టుకుని నిలబడితే మనిషితో సహా గోల్‌లోకి తోసేసేవాళ్లు. చాలామంది కీపర్లు పట్టకుండా పిడికిలితో కొట్టేసేది ఆ భయంతోనే. ఇప్పుడు ఆ బెడద లేదు కాబట్టి పట్టుకోవడమే మేలు. పట్టుకోవడానికే మెత్తటి లేటెక్స్. అయితే 2025-26 సీజన్ నుంచి కొత్త నిబంధన వచ్చింది. కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు. మన స్కూలు టోర్నమెంట్లలో ఆడే పిల్లలకు ఇది ఇప్పుడే అలవాటు చేయాలి.

కుట్టు గురించి. దుకాణంలో మూడు రకాల కోతలు దొరుకుతాయి. ఫ్లాట్ కోతలో వేళ్ల అంచులకు కుట్టు బయట ఉంటుంది, లోపల వదులుగా ఉంటుంది. రోల్ కోతలో లేటెక్స్ వేలి చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది, బంతికి ఎక్కువ లేటెక్స్ తగులుతుంది. నెగటివ్ కోతలో కుట్టు లోపలికి ఉంటుంది, చేతికి అతుక్కుని ఉంటుంది. మొరం నేలకు నెగటివ్ కోత మంచిది. కారణం సులువు: బయట ఉన్న కుట్టు నేలకు రాసుకుని దారం తెగుతుంది, లోపల ఉన్నది తెగదు. సన్నటి వేళ్లవాళ్లకు కూడా అదే సరిపోతుంది. మేం చూసిన జతల్లో ముందుగా వీడేది ఎప్పుడూ ఒకటే చోటు, బొటనవేలు అరచేతితో కలిసే మూల. కొనేటప్పుడు ఆ మూల దగ్గర రెండు వైపులా లాగి చూడండి. దారం మధ్య వెలుతురు కనిపిస్తే ఆ జత వద్దు.

వేళ్ల వెనక ప్లాస్టిక్ పుల్లలు ఈ జతలను అమ్మే ముఖ్యమైన మాట. వేలు వెనక్కి విరక్కుండా కాపాడతాయని చెప్తారు. కొంత నిజమే, కానీ వేలు ముందుకు వంగడానికి కూడా కొంచెం అడ్డం పడతాయి. బంతిని అందుకునేటప్పుడు వేళ్లు దాని చుట్టూ మెత్తగా మూసుకోవాలి. పుల్లలతో మొదటి వారం బంతి చేతుల్లోంచి తన్నుకుని బయటికి పోతుంది. పుల్లలు తీసేసే వీలున్న జతే కొనండి. లోపలివైపు వేలి మొదట్లో చిన్న చీలిక ఉంటుంది, అక్కణ్నుంచి లాగితే వస్తాయి. ఇంతకు ముందు వేలు బెణికినవాళ్లు ఆ ఒక్క వేలికే పుల్ల ఉంచుకుని మిగతావి తీసేయొచ్చు. లేదంటే రెండు వేళ్లు కలిపి టేపు చుట్టుకుంటే ఇంకా గట్టి కాపుదల.

సైజు దగ్గర తప్పు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే దుకాణంలో షర్టు సైజులా చూపు మీద ఇచ్చేస్తారు. కుట్టుటేపుతో బొటనవేలు వదిలేసి, అరచేతి అన్నిటికన్నా వెడల్పైన చోట చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. పై పూర్ణ సంఖ్యకు పెంచి, ఒకటి కలపండి. ఏడుంపావు వస్తే ఎనిమిది, దానికి ఒకటి, తొమ్మిదో నంబరు. వేసుకున్నాక వేలి కొసకూ గ్లవ్ కొసకూ మధ్య దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుంటే గోరు పోటుకు కొస చిరుగుతుంది. ఎక్కువైతే బంతి తగిలినప్పుడు కొసలు మడతపడి జారుతుంది. కంపెనీకీ కంపెనీకీ కొంచెం తేడా ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు తిరిగి ఇచ్చే వీలుందో లేదో ముందే చూసుకోవాలి.

దుకాణంలో ఇంకో పరీక్ష. బయట ఎండ పడేచోట వేలాడదీసిన జతను తీసుకోకండి, లోపల పెట్టెలోది అడగండి. ఎండ తగిలిన లేటెక్స్ పసుపు తిరిగి, నొక్కితే ఆలస్యంగా పైకి లేస్తుంది. బొటనవేలితో అరచేతిని నొక్కి వదలండి, గుంట వెంటనే పూడాలి. రెండు అరచేతులు ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తుంటే పొర లేస్తే ఆ సరుకు చాలా రోజులుగా పడి ఉందని అర్థం.

ఇప్పుడు మన్నిక, అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఈ జతను రోజూ ప్రాక్టీసుకూ మ్యాచ్‌కూ ఒకేలా వాడితే మొరం మీద రెండు మూడు నెలలకే అరచేతి అడుగు భాగం, చిటికెన వేలి వైపు అంచు తెల్లబడి గుడ్డ బయటపడుతుంది. అరిగే చోటు చూస్తే కీపర్ తప్పు తెలుస్తుంది. అడుగు భాగం అరిగిందంటే పడ్డాక అరచేయి నేలకు ఆనించి లేస్తున్నాడు. పిడికిలి బిగించి, కణుపుల మీద బరువు వేసి లేవాలి. చిటికెన వేలి అంచు అరిగిందంటే పక్కకు దూకడం ఎక్కువైంది, అంటే నిలబడే చోటు తప్పుతోంది. వేళ్ల కొసలు అరిగాయంటే బంతిని వేళ్లతో అందుకుంటున్నాడు, అరచేతులు బంతి వెనకకు రావడం లేదు.

నిలబడే చోటు నేర్పడానికి ఒక తాడు చాలు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. బంతిని గోల్ మధ్యకు ఎదురుగా పెనాల్టీ ఏరియా గీత మీద, అంటే 16.5 మీటర్ల దూరంలో పెట్టండి. ఒక పోస్టు అడుగు నుంచి బంతి దాకా, అక్కణ్నుంచి రెండో పోస్టు దాకా తాడు లాగండి. 34 మీటర్ల తాడు పడుతుంది. కీపర్ గీత మీదే నిలబడితే కాపాడాల్సిన వెడల్పు 7.32. మూడు మీటర్లు ముందుకొస్తే తాళ్ల మధ్య వెడల్పు 6 మీటర్లే. గోల్ ఏరియా గీత దాకా, 5.5 మీటర్లు వస్తే 4.88. అంటే రెండున్నర మీటర్లు ఊరికే తగ్గింది, ఒక్కసారి కూడా దూకకుండా. బంతిని పక్కకు జరిపి మళ్లీ తాడు లాగితే మధ్య రేఖ ఎలా జరుగుతుందో పిల్లలకు కళ్ల ముందు కనిపిస్తుంది. మరీ ముందుకొస్తే నెత్తి మీదుగా లేపి వేస్తారు కాబట్టి, కొట్టేవాడు తల దించి కాలు వెనక్కి తీసే క్షణానికి ఆగిపోయి, రెండు కాళ్ల మీద సమంగా నిలబడాలి. కదులుతున్నప్పుడు షాట్ పడితే ఎంత ఖరీదు గ్లవ్స్ అయినా ఆదుకోవు.

హార్డీ నిలబడే తీరును పరీక్షించిన మార్పు కూడా ఒకటి జరిగింది. 1912 దాకా కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ఆడొచ్చు. వేల్స్ కీపర్ లీ రిచ్‌మండ్ రూస్ బంతిని నేలకు కొట్టుకుంటూ సగం గీత దాకా పోయి అక్కణ్నుంచి విసిరేవాడు. 1912లో నిబంధన మార్చి, చేతులు పెనాల్టీ ఏరియాకే పరిమితం చేశారు. సరిగ్గా అదే ఏడు హార్డీ లివర్‌పూల్ నుంచి ఆస్టన్ విల్లాకు మారాడు. బయట తిరిగే ఆట కట్టడి కావడం అతనికి పెద్ద నష్టం కాలేదు. అతని బలం ఎప్పుడూ గోల్ ముందరి జాగాలోనే ఉంది. 1913లో క్రిస్టల్ ప్యాలెస్‌లో లక్షా ఇరవై వేలకు అటూ ఇటూగా జనం చూస్తుండగా సండర్‌లాండ్ మీద విల్లా 1-0తో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్ఏ కప్ గెలిచింది. ఆ ఫైనల్‌లో హార్డీ దెబ్బ తగిలి కాసేపు బయటికి వెళ్లాల్సి వచ్చింది. అప్పట్లో మారు ఆటగాళ్లు లేరు, అతను తిరిగి వచ్చేదాకా మైదానం మధ్యలో ఆడే హాఫ్‌బ్యాక్ జిమ్ హారప్ గోల్‌లో నిలబడ్డాడు. మన ఊళ్ల టోర్నమెంట్లకు పదకొండు మందితోనే వచ్చే జట్లు ఇది గుర్తుంచుకుని, రెండో మనిషికి గ్లవ్స్ సరిపోతాయో లేదో ముందే చూసి పెట్టుకోవాలి.

యుద్ధం తర్వాత 1920లో స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో హడర్స్‌ఫీల్డ్ మీద అదనపు సమయంలో 1-0తో ఇంకో కప్. 1921లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లి, 1922లో రెండో డివిజన్ గెలిచిన వాళ్ల జట్టులో ఉన్నాడు. ఆట మానేసింది 1925లో, నలభై దాటాక. దూకి దూకి ఒళ్లు హూనం చేసుకున్న కీపర్‌కు అన్నేళ్లు దక్కవు. మోకాలు, మోచేయి, తుంటి ఎముక కూడా ఈ మొరం మీద లేటెక్స్ లాగే అరుగుతాయి.

కడగడం, ఆరబెట్టడం. ఆట అయిన గంటలోపే కడగాలి. చెమటలో ఉప్పు లేటెక్స్‌ను బిరుసు చేస్తుంది, బ్యాక్టీరియా వాసన పుట్టిస్తుంది. చిన్నపిల్లల షాంపూ రెండు చుక్కలు చాలు, బట్టల సబ్బూ పౌడరూ వద్దు, బ్రష్ అసలే వద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో ఆరాక అరచేతి మీద తెల్లటి పొర కడుతుంది, చివరిసారి మంచినీళ్లతో కడిగితే కట్టదు. వాషింగ్ మెషిన్‌లో వేస్తే అతుకు ఊడుతుంది. నీడలో, గాలి ఆడేచోట దండెం మీద వేళ్లు కిందికి వచ్చేలా వేయాలి. ఎండలో వేయకూడదు. బండి డిక్కీలో వదిలేయడం అంతకన్నా చెడ్డది. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే మధ్యాహ్నం మూసిన డిక్కీలో అరచేతులు రెండూ ఒకదానికొకటి కరిగి అతుక్కుపోతాయి. మధ్యలో పలచటి ప్లాస్టిక్ షీటు పెట్టి, కొంచెం తేమ ఉండగానే సంచిలో పెట్టుకోవాలి. వెల్క్రో పట్టీని మూసే ఉంచాలి, లేకుంటే దాని ముళ్లు అరచేతిని గీకుతాయి. పట్టీలో దుబ్బ, దారాలు నిండి పట్టు తగ్గితే పాత టూత్‌బ్రష్‌తో దువ్వండి. ఈ జతల్లో వెల్క్రో మాత్రం బాగానే ఉంది, లేటెక్స్ పోయినా అది ఉంటుంది.

వానకాలం సంగతి తక్కువే. బురద దుబ్బంత చెడ్డది కాదు, లేటెక్స్ తడిగా మెత్తగా ఉంటుంది. అరచేతికి మట్టి ముద్దగా అంటితే నీళ్లతో కడుక్కోవడమే. నేల మెత్తబడ్డ ఆ మూడు నెలల్లోనే దూకడం నేర్పండి, ఎండకాలంలో తాడు పట్టుకుని నిలబడటం నేర్పండి.

ఎవరు కొనాలి? వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడే కాలేజీ కీపర్లకు ఈ జత మంచి కొనుగోలు, ప్రాక్టీసుకు వేరే చవక జత ఉంటే. చవక జతలో గట్టి లేటెక్స్ ఉంటుంది, పట్టు తక్కువ, అరుగుదల తక్కువ. రోజూ పొద్దున పొద్దున మొరం మీద పడి లేచేది దానితోనే. అరచేతి గుడ్డ బయటపడ్డ పాత మ్యాచ్ జతను కూడా పారేయకండి, నేల బంతుల ప్రాక్టీసుకు ఇంకో నెల వస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ 4 మి.మీ. జత వద్దు, బంతి తగిలిన తీరు చేతికి తెలియదు. వాళ్లకు 3 మి.మీ., పుల్లలు లేనిది, 4 నుంచి 6 నంబర్లలో చేయి కొలిచి ఇప్పించండి, 4వ సైజు బంతితో ఆడించండి.